సిద్దిరాములుకే స్టార్టయ్యే ఇంజన్

జలపతిరావు దొర ట్రాక్టరు చలికాలం పొద్దున ఒక్కడి మాటే వినేది. ఆ ఒక్కడు సిద్దిరాములు. ఇంకెవరు సెల్ఫ్ కొట్టినా రెండు మూడు చుట్లు బరువుగా తిరిగి, సైలెన్సర్‌లోంచి తెల్లటి పొగ కాస్త వదిలి ఊరుకునేది. డ్రైవర్ వెంకటి బ్యాటరీ నీరసించేదాకా కొట్టి, దాని ఏడు తరాలనూ తిట్టి, దిగిపోయేవాడు. అప్పుడు దొర మఫ్లర్ చెవులకు చుట్టుకుని వాకిట్లోకి వచ్చి, "ఇగ సిద్దిరాములును పిలువుండ్రి" అనేవాడు.

ఆ పిలుపు కోసం సిద్దిరాములు అప్పటికే లేచి, ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, ఏమీ ఎరగనట్టు ఇంటి ముందర కూర్చుని ఉండేవాడు. పిలుపు వచ్చాక వెంటనే లేస్తే విలువేముంటుంది? బీడీ ముట్టించేవాడు. "వస్తున్న పో" అనేవాడు. బీడీ సగమయ్యాక కదిలేవాడు. దొర వాకిట్లో పత్తి ఏరబోయే కూలీలంతా చలికి ముడుచుకుని నిలబడి ఉండేవారు. అందరి ముందూ గాలి గొట్టం మూత తీసి, కర్రకు చుట్టిన గోనె పీలికను డీజిల్లో ముంచి అంటించి, గొట్టం నోటికాడ పట్టి, "కొట్టు వెంకటీ" అనేవాడు. ఇంజన్ మంటను లోపలికి గుంజుకునేది. దగ్గేది, తుమ్మేది, చచ్చినట్టు ఒక్క క్షణం ఆగేది, ఆపైన దడదడమని లేచేది. కూలీలు ఈలలు వేసేవారు. దొర భార్య ప్రమోదిని లోపలినుంచి చాయ పంపేది. దొర మాత్రం ప్రతిసారీ అదే మాట అనేవాడు: "నీ చేతిల ఏదో ఉన్నది సిద్దిరాములూ."

ఆ మాట పదకొండేళ్ళుగా వింటున్నాడు. ఒక్కసారి కూడా పాతబడలేదు. జమ్మికుంట చుట్టుపక్కల బావుల మీద ఆయిల్ ఇంజన్లు బాగుచేసే మిస్త్రీలు పదిమంది ఉంటారు. దొర వాకిట్లో నిలబడి చాయ తాగే మిస్త్రీ మాత్రం ఒక్కడే.

ఎనభై ఆరులో దసరా పోయాక అతని బామ్మర్ది కొండల్ మస్కట్ నుంచి దిగాడు. ఏడేళ్ళకు వచ్చాడు. టేప్‌రికార్డర్ తెచ్చాడు, పులి బొమ్మ కంబళి తెచ్చాడు, చేతికి బంగారు రంగు గడియారం తెచ్చాడు. అవన్నీ సిద్దిరాములు భరించాడు. గల్ఫ్ నుంచి వచ్చినవాడు అవి తేకపోతేనే వింత. భరించలేనిది ఇంట్లో మొదలైంది. పెళ్ళాం దేవవ్వకు తమ్ముడు తప్ప ఇంకో ముచ్చట లేకుండా పోయింది.

"మా కొండల్ అక్కడ పెద్ద పెద్ద ఇంజన్లు చేసిండట. చేతికి మన్ను అంటకుంట చేస్తరట."

"చేతికి మన్ను అంటకుంట చేసేది పని గాదే, పెండ్లికొడుకుతనం," అన్నాడు సిద్దిరాములు.

"నీకు ఎవలు మంచిగుంటే సయిస్తది గనుక?"

ఆ మాట నిజమే. నిజమైన మాట పెళ్ళాం నోట వస్తే ఎవడికి మాత్రం సయిస్తుంది?

మూడోరోజు పొద్దున దొర వాకిట్లో సిద్దిరాములు పీలిక వెలిగించి ఇంజన్ లేపిన తర్వాత, కూలీలు ఈలలు వేస్తుండగా, కొండల్ ఎక్కడినుంచి వచ్చాడో వచ్చాడు. ఇంజన్ చుట్టూ తిరిగాడు. ఆయిల్ పోసే మూత తీసి ఆ రంధ్రం మీద అరచెయ్యి పెట్టాడు. పొగ వేళ్ళ సందుల్లోంచి గుప్పుగుప్పున తన్నుకొచ్చింది. చెయ్యి తుడుచుకుని, "బావా, లైనర్లు అరిగినయ్. దమ్ము లేదు. ఇంజన్ ఇప్పాలె" అన్నాడు.

అన్నది బావతో. విన్నది దొర.

"ఇప్పి కొత్తయి ఏస్తే ఏమైతది?" అన్నాడు దొర.

"చిన్న పోరడు మీట నొక్కినా లేస్తది దొరా. నిప్పక్కర్లే, మనిషక్కర్లే."

మనిషక్కర్లే! సిద్దిరాములు చేతిలో పీలిక ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. దొర అతనివైపు తిరిగి, "మరి ఇన్నేండ్ల సంది నువ్వెందుకు చెప్పలే సిద్దిరాములూ?" అని అడిగాడు. కోపంగా కాదు, మామూలుగానే అడిగాడు. సిద్దిరాములు పీలికను నేలకేసి రుద్ది ఆర్పాడు. ఆ పూట చాయ రెండు గ్లాసుల్లో వచ్చింది. కొండల్ గ్లాసు నిండుగా ఉన్నట్టు అతనికి అనిపించింది. కొలిచి చూసే వీలైతే చూసేవాడే.

దొర తీర్పు ఇచ్చేశాడు. పని కొండల్‌ది. "నువ్వు జర వాని వెంట ఉండు సిద్దిరాములూ, నీకు తెలిసిన బండి గదా" అన్నాడు. అంటే సాయం. అంటే సామాన్లు కడిగే పని. రానని చెప్పి ఇంట్లో కూర్చోవచ్చు. కానీ తాను లేకుండా వాడు ఆ ఇంజన్‌ను విప్పుతుంటే ఇంట్లో కూర్చోవడం ఇంకా కష్టం. కాబట్టి పోయాడు.

కొట్టంలో ఎడ్లను పక్కకు కట్టేసి ట్రాక్టరును నిలబెట్టారు. కొండల్ తెల్లటి ధోవతి పరిచి, విప్పిన ప్రతి సామానును వరుస తప్పకుండా దాని మీద పెట్టాడు. మూడు సిలిండర్లకు మూడు వరుసలు. ఏ పిస్టన్ ఆ వరుసలోనే, ఏ బోల్టు ఆ పిస్టన్ పక్కనే.

"ఏందిరా ఇది, పెండ్లి బంతి ఏస్తున్నవా?" అన్నాడు సిద్దిరాములు.

"కలిస్తే ఆగమైతం బావా."

"నేను అన్నీ ఒక్క తట్టల ఏసేటోన్ని. ఎన్నడు ఆగం గాలే."

కొండల్ నవ్వి ఊరుకున్నాడు. ఎదురు మాట్లాడినా బాగుండేది. ఆ నవ్వుకే సిద్దిరాములుకు ఒళ్ళు మండింది.

ఇంజన్ పైమూత హెడ్డు లేపాక కొండల్, పిస్టన్ ఆడే గొట్టం లైనర్ లోపల, పై అంచు దగ్గర గోరు పెట్టి చూడమన్నాడు. పిస్టన్ రింగు వచ్చి ఆగే చోట గోరు టక్కున తగిలి ఆగిపోయింది. అంత మెట్టు పడింది. దాని కింద గోడంతా పల్చబడి గాజులా మెరుస్తోంది. రింగులు కొన్ని అతుక్కుపోయాయి, ఒకటి రెండు ముక్కలైంది. ఇంత రోగంతో ఇది ఇన్నాళ్ళు ఎలా లేచిందో సిద్దిరాములుకే ఆశ్చర్యమేసింది. ఆ వెంటనే, లేపింది తానే కదా అని గుర్తొచ్చి కాస్త గర్వమేసింది. ఆ గర్వం పంచుకునేందుకు పక్కన ఉన్నది మళ్ళీ వీడే.

క్రాంకును, బ్లాకును కరీంనగర్ పంపి మరమీద పట్టించి, కొత్త లైనర్లు ఎక్కించి తెచ్చారు. కొత్త పిస్టన్లు, కొత్త రింగులు, బేరింగులు వచ్చాయి. రింగుల మూతులన్నీ ఒకే వరసలోకి రాకుండా కొండల్ ఒక్కొక్కదాన్ని పక్కకు తిప్పి, ఆయిల్ రాసి, రేకు పట్టీ బిగించి, సుత్తె కట్టెతో మెల్లగా తట్టుతూ పిస్టన్‌ను దింపాడు. తొందర లేదు. ఒక్క దెబ్బ ఎక్కువ లేదు. తప్పు పట్టుకుందామని సిద్దిరాములు కళ్ళార్పకుండా చూశాడు. దొరకలేదు. తప్పు దొరకని పనిని దగ్గర కూర్చుని చూడటం ఎంత నరకమో అనుభవించినవాడికే తెలుస్తుంది.

ఇక ఆ పానా ఒకటి. మస్కట్ నుంచి తెచ్చినది, మూరెడు పొడవు. బోల్టు ఎంత బిగియాలో అంత బిగియగానే టక్‌మంటుంది. "నాకు నా చెయ్యే టక్‌మంటది" అని సిద్దిరాములు దాన్ని ముట్టలేదు. కొండల్ అన్నానికి పోయినప్పుడు మాత్రం అటూ ఇటూ చూసి, ఒక బోల్టు మీద పెట్టి గుంజాడు. టక్. ఎంత ముద్దుగా అన్నది! ఇంకోసారి గుంజాడు. తనకు అది నచ్చిందని తెలిసి, దాన్ని ధోవతి మీద విసురుగా పడేశాడు.

ఆఖరున డీజిల్ పంపు ఎక్కించే వంతు వచ్చింది. అది ఇంజన్‌కు పక్కన కూర్చుంటుంది. ఏ క్షణాన సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మాలో దాని కూర్చోబెట్టుడులో ఉంటుంది. కొద్దిగా అటు తిరిగితే ముందు చిమ్ముతుంది, ఇటు తిరిగితే ఆలస్యంగా చిమ్ముతుంది. అందుకే పంపు అంచు మీద ఒకటి, ఇంజన్ ఒంటి మీద ఒకటి గీతలు ఉంటాయి. రెండూ కలపాలి. కొండల్ పంపు అంచు మీది మురికి తుడిచాడు. లోతుగా కొట్టిన ఉలి గీత కనిపించింది.

"బావా, గుర్తు ఇదేనా?"

"అదే. పదకొండేండ్ల సంది దాని మీదనే నడుస్తంది."

అబద్ధం చెప్పలేదు. ఆ ఉలి గీత కొట్టింది తానేనని మాత్రం చెప్పలేదు. డెబ్బై అయిదులో పంపును బాగుచేయించి తెచ్చినప్పుడు ఎవరో దానికి ఇంత మందాన రంగు పూశారు. అసలు గీత కనబడలేదు. సిద్దిరాములు పంపును అటూ ఇటూ తిప్పి, ఇంజన్ ఎక్కడ లేచిందో అక్కడ ఆపి, ఉలితో ఒక్క దెబ్బ కొట్టి గుర్తు పెట్టుకున్నాడు. నడిచింది. నడిచినదాని గురించి దొరకు చెప్పేదేముందని ఊరుకున్నాడు. ఆ తర్వాత తానూ మరిచిపోయాడు. ఇప్పుడు బామ్మర్ది వేలు ఆ గీత మీద ఉంటే గుర్తొచ్చింది. వాడు దాన్ని కంపెనీ గీత అనుకున్నాడు. అనుకోనీ.

మరునాడు పొద్దున కొబ్బరికాయ కొట్టారు. కూలీలు వచ్చారు, దొర వచ్చాడు, ప్రమోదిని దొరసాని కూడా గడప దాటి వచ్చి నిలబడింది. దేవవ్వ తమ్ముడి ఘనకార్యం చూడటానికి కొత్త చీర కట్టుకుని వచ్చింది. ఆ చీర సిద్దిరాములు పీలిక వెలిగించిన ఏ ఒక్క రోజూ బయటికి తీయలేదు.

వెంకటి సెల్ఫ్ కొట్టాడు. కొత్త ఇంజన్ బిగువుగా తిరిగింది. తెల్లటి పొగ. అంతే.

మళ్ళీ కొట్టాడు. తెల్లటి పొగ.

కొండల్ డీజిల్ గొట్టాల్లో గాలి ఉందేమోనని తీశాడు. డీజిల్ చిమ్మే నాజిళ్ళు విప్పి మళ్ళీ పెట్టాడు. అతని చొక్కా వీపున తడిసింది. కూలీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. సిద్దిరాములు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. అబద్ధమెందుకు, మూడు వారాల తర్వాత అతనికి ఆ పొద్దు ఆకలేసింది. ఒంట్లోకి ప్రాణమొచ్చినట్టయింది. లోపల దేవుడికి దండం కూడా పెట్టుకున్నాడు.

"సిద్దిరాములూ," అన్నాడు దొర, విసుగ్గా. "జర నువ్వు చూడు."

బీడీ ముట్టించాలనుకున్నాడు కానీ ఆగలేకపోయాడు. పీలిక ఎప్పుడు చుట్టాడో, ఎప్పుడు వెలిగించాడో, గొట్టం నోటికాడ పట్టి "కొట్టు వెంకటీ" అని కేకేశాడు. ఇంజన్ మంటను గుంజుకుంది, దగ్గింది, తుమ్మింది, దడదడా లేచింది! కూలీలు ఎగిరి ఈలలు వేశారు. "నీ చేతిల ఏదో ఉన్నది సిద్దిరాములూ" అన్నాడు దొర. సిద్దిరాములు దేవవ్వవైపు చూశాడు. బామ్మర్దివైపు ఇంకా బాగా చూశాడు.

బామ్మర్ది అతన్ని చూడటం లేదు. సైలెన్సర్‌ను చూస్తున్నాడు. పొగ ఇంకా తెల్లగానే వస్తోంది, కళ్ళు మండుతున్నాయి.

"దొరా, ఆపమనుండ్రి," అన్నాడు కొండల్. "లైనర్లు కొత్తయి, రింగులు కొత్తయి, దమ్ము నిండ ఉన్నది. ఇప్పుడు గూడ నిప్పు చూపిస్తెనే లేస్తందంటే రోగం ఆడ లేదు. డీజిల్ ఆలస్యంగ పడుతంది."

సిద్దిరాములు పీలికను కింద పడేశాడు. తాను లేపకపోయి ఉంటే వాడికి ఆ సంగతి తట్టేదే కాదు.

కొండల్ పంపు దగ్గర కూర్చుని, అంచు మీది పాత రంగును బ్లేడుతో గీకాడు. డీజిల్ గుడ్డతో తుడిచాడు. మళ్ళీ గీకాడు. ఉలి గీతకు బియ్యపు గింజంత దూరంలో సన్నటి, నిటారైన గీత బయటపడింది. కంపెనీలో మరమీద గీసిన గీత. దాని పక్కన ఉలి గీత వంకరగా, మొరటుగా ఉంది. పదకొండేళ్ళుగా డీజిల్ ఆలస్యంగా పడి, సగం మండక, గోడల మీది ఆయిల్‌ను కడిగేసి, లైనర్లను తిన్నది ఆ బియ్యపు గింజంత దూరమే. ఇంజన్ ముసలిదై మొరాయించలేదు. డెబ్బై అయిదులో సిద్దిరాములు ఒక్క ఉలి దెబ్బ కొట్టాడు, ఆనాటినుంచి దాన్ని లేపడానికి సిద్దిరాములే కావలసి వచ్చాడు.

కొండల్ తలెత్తి బావను చూశాడు. ఆ ఒక్క చూపులో అంతా అర్థమైపోయిందని సిద్దిరాములుకు తెలిసింది.

"ఏమైంది?" అన్నాడు దొర.

"నాదే తప్పు దొరా," అన్నాడు కొండల్. "గుర్తు సరిగ చూడలే. జర తప్పు కూసోబెట్టిన."

బోల్టులు వదులు చేసి, పంపును ఆ గింజంత తిప్పి, టక్‌మనే పానాతో బిగించాడు. "దొరసానీ, మీరు నొక్కుండ్రి" అన్నాడు. ప్రమోదిని నవ్వుతూ, కొంగు సర్దుకుంటూ వచ్చి, ట్రాక్టరు ఎక్కకుండా కిందినుంచే మీట నొక్కింది. ఇంజన్ సగం చుట్టు కూడా తిరగకముందే లేచింది. దగ్గలేదు, తుమ్మలేదు. పొగ కనిపించీ కనిపించనట్టు వచ్చి ఆగిపోయింది.

దొర కొండల్ భుజం తట్టాడు. "ఇంజన్ చేసినందుకు గాదు. పదిమందిల తప్పు నాదని ఒప్పుకున్నవ్ చూడు, అది మొగోని లక్షణం. గంత పని తెలిసి గూడ గంత తగ్గినవ్" అన్నాడు. కూలీలు తలలూపారు. దేవవ్వ కళ్ళు తుడుచుకుంది.

సిద్దిరాములు గమ్మున ఉంటే అయిపోయేది. పరువు మిగిలేది. గీత సంగతి ఆ ఇద్దరి మధ్యనే మట్టిలో కలిసేది. కానీ అతని లోపల వేరే మంట లేచింది. ఇంజన్ వాడిది. పానా వాడిది. పెళ్ళాం మెచ్చుకోలు వాడిది. దొర వాకిలి వాడిది. ఇప్పుడు తన తప్పు, తన సొంత తప్పు, అది కూడా వాడికే పేరు తెచ్చిపెడుతోంది!

"ఆ తప్పు వానిది గాదు!" అని అరిచాడు. "నాది! ఉలి గీత కొట్టింది నేను. డెబ్బై అయిదుల కొట్టిన. వాడు నన్నడిగితే అదే గుర్తని నేనే చెప్పిన. వాడెవడు దాన్ని మీదేసుకునేటందుకు?"

ఇంజన్ ఒక్కటే మెత్తగా కొట్టుకుంటోంది. దొర అతన్నే చూశాడు. లెక్క అర్థమయ్యేకొద్దీ ముఖం మారింది.

"అంటే పదకొండేండ్లు నేను ఆ చలిల నిలబడి నిన్ను మెచ్చుకున్నది గందుకా?" అన్నాడు. జవాబు కోసం ఆగలేదు. "రేపటి సంది నువ్వు రానవసరం లేదు సిద్దిరాములూ. పనేం ఉండదు గదా" అని మెల్లగా అని లోపలికి పోయాడు. తిట్టి ఉంటే కాస్త తేలికయ్యేది.

కూలీలు పత్తి చేన్లకు కదిలారు. సిద్దిరాములు కొట్టం వెనక కుళాయి దగ్గర కూర్చుని చేతులకు సబ్బు రుద్దుకుంటుంటే కొండల్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఎందుకు చెప్పినవ్ బావా? నేను మీదేసుకున్న గదా."

"నిన్నెవడు ఏసుకొమ్మన్నడు? నీకు అన్నీ కావాలె. నా తప్పు గూడ కావాల్నా?"

కొండల్ కుళాయి కింద చేతులు పెట్టాడు. గోళ్ళ చుట్టూ చర్మం ఏళ్ళ తరబడి డీజిల్లో నాని తెల్లగా చీలిపోయి ఉంది. సిద్దిరాములు ఇన్ని రోజులూ గడియారాన్నే చూశాడు కానీ ఆ వేళ్ళను చూడలేదు.

"మస్కట్ల నేనేం చేసిననో ఎరుకనా బావా?"

"పెద్ద పెద్ద ఇంజన్లు. మీ అక్క పొద్దుమాపు అదే చెప్తది."

"ఆరేండ్లు సామాన్లు కడిగిన. పానా ముట్టనియ్యలే. ఆఖరి ఏడాది ఇచ్చిండ్రు. అక్క జాబులు రాయించేది గదా, ప్రతి జాబుల నీ ముచ్చటే. ఇయ్యాల మీ బావ నిప్పు పట్టంగనే దొర ఇంజన్ లేసింది, ఊరంత నిలబడి చూసింది, దొర గిట్ల అన్నడు, దొరసాని చాయ పంపింది. ఒక్కటే పొగుడుడు. ఆ జాబు సదివిన నాడు నాకు అన్నం సయించకపోయేది. నేను పరదేశంల ఒకని సామాన్లు కడుగుతున్న, నువ్వు ఊర్ల రాజా లెక్క ఉన్నవ్ అని. నీ మీద ఈసుతోనే పని నేర్చుకున్న బావా. దిగిన మూడో నాడే దొర వాకిట్లకు ఎందుకొచ్చిన్నంటవ్? నిన్ను ఓడగొట్టనీకె."

సిద్దిరాములు చేతులు ఆగిపోయాయి. దేవవ్వ పొగిడిందా? తననా? ఇంట్లో ఒక్క మంచి మాట అనని మనిషి, కాగితం మీద రాయించి సముద్రాలు దాటించి పంపిందా? వీడు, ఈ గడియారం కొండల్, అన్నం మానుకుని మరీ తనను చూసి కుళ్ళుకున్నాడా?

అవతల వాకిట్లో వెంకటి ట్రాక్టరును ఆపుతున్నాడు, స్టార్ట్ చేస్తున్నాడు, మళ్ళీ ఆపుతున్నాడు, సరదాకు. ప్రతిసారీ అది ఒక్క నొక్కుకే లేస్తోంది.

సిద్దిరాములు సబ్బు చేతులతోనే బామ్మర్ది మోకాలు పట్టుకున్నాడు.

"గా ఇంజన్ చప్పుడుల సరిగ ఇనరాలే," అన్నాడు. "అన్నం సయించకపోయేదన్నవ్ గదా, ఆడి సంది మల్లొకసారి చెప్పు."